కల్యాణం కథలు తెచ్చిన కవి

జహీరాబాద్ బస్టాండులో కాసేపు నిలబడితే మన ఊరు ఎక్కడున్నదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇటు హైదరాబాద్ బస్సు, అటు బీదర్ బస్సు. ఒక బోర్డు తెలుగులో, ఇంకో బోర్డు కన్నడంలో. టీ కొట్టు దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటే మాట తెలుగులో మొదలై, నడుమ ఉర్దూలోకి పోయి, కన్నడంలో ముగుస్తుంది. మనకిది రోజూ ఉండేదే కాబట్టి వింతగా తోచదు. 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజన చట్టం వచ్చినప్పుడు నిర్ణ సర్కిల్ తప్ప జహీరాబాద్ తాలూకా మొత్తాన్నీ, బీదర్ తాలూకాలోని న్యాల్కల్ సర్కిల్‌నూ, నారాయణఖేడ్ తాలూకానూ ఇటు కలిపారు. ఆ ఏడాది నవంబరు 1న గీత పడింది. ఊళ్ళు రెండు రాష్ట్రాలకు పోయినా చుట్టరికాలు తెగలేదు. నాగలిగిద్ద వైపు గానీ, న్యాల్కల్ వైపు గానీ వెళ్ళి అడగండి, పిల్లనిచ్చిన ఊరు అటుంటే, పిల్లను తెచ్చుకున్న ఊరు ఇటుంటుంది.

ఈ గీతకు అటువైపు, మన పెద్దరోడ్డు పట్టుకొని హుమ్నాబాద్ దాటి ఇంకొంత దూరం పోతే బసవకల్యాణం వస్తుంది. వంద కిలోమీటర్ల లోపే. ఎనిమిదిన్నర వందల ఏళ్ళ కిందట ఆ ఊళ్ళో జరిగిన సంగతులను తెలుగులో చెప్పిన ఒక కవిని గురించి ఈ పూట మాట్లాడతాను. ఆయన పాల్కురికి సోమనాథుడు. పేరు చాలామంది విన్నారు. బడిలో ఒక పాఠం చదివి పరీక్ష రాసి మరిచిపోయినవాళ్ళూ ఉన్నారు. కానీ సోమన మన ప్రాంతానికి ఎంత దగ్గరివాడో, ఆయన రాసిన కథలు మన ఇంటి ముందు దారి మీదుగా నడిచినవన్న సంగతి మనకే సరిగా పట్టలేదని నా బాధ. ఆ బాధతోనే ఈ ప్రసంగం.

ముందు కల్యాణం సంగతి. 12వ శతాబ్దంలో కల్యాణం చాళుక్యుల రాజధాని. చాళుక్యుల బలం తగ్గినాక కలచురి వంశపు బిజ్జలుడు ఆ సింహాసనం ఎక్కాడు. ఆయన దగ్గర భండారం చూసే మంత్రి బసవేశ్వరుడు. బసవడు పుట్టింది బాగేవాడిలో, అంటే ఇప్పటి విజయపుర జిల్లాలో. జంధ్యం వద్దన్నాడు, కులం వద్దన్నాడు, శివుడు ఒక్కడే చాలునన్నాడు. ఆయన చుట్టూ చేరినవాళ్ళెవరు? చాకలి మాచయ్య, తాడు పేనే చందయ్య, పడవ నడిపే చౌడయ్య, కట్టెలమ్మే మారయ్య. వీళ్ళంతా కన్నడంలో వచనాలు చెప్పారు. పద్యం కాదు, పాట కాదు, మనిషి తన దేవుడితో నేరుగా మాట్లాడినట్టుండే చిన్న చిన్న మాటలు. చాకలి చెప్పిన మాట, పడవవాడు చెప్పిన మాట సాహిత్యమై నిలవడం ఈ దేశంలో అంతకుముందు ఎంత అరుదో ఆలోచించండి. ఆ తరువాత కల్యాణం కల్లోలమైంది. బిజ్జలుడు హతుడయ్యాడు. బసవడు కూడలసంగమంలో లింగైక్యం చెందాడు. శరణులు, అంటే ఆయన చుట్టూ చేరిన ఆ భక్తులు, చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు.

ఊరు చెదిరింది గానీ కథలు చెదరలేదు. వాటిని జంగమలు, అంటే ఊళ్ళు తిరిగే శైవ గురువులు, ఊరూరా మోసుకెళ్ళారు. అలా మోసుకెళ్ళిన కథలు చేరిన ఊళ్ళలో ఒకటి ఓరుగల్లు దగ్గరి పాలకుర్తి. ఇప్పుడది జనగామ జిల్లాలో ఉంది. భాగవతం రాసిన పోతన గారి బమ్మెర దానికి కూతవేటు దూరం. ఆ పాలకుర్తిలో శ్రియాదేవి, విష్ణురామిదేవుడు అనే దంపతుల కొడుకు సోమన. ఆయన కాలం మీద పండితుల మధ్య ఇప్పటికీ వాదం ఉంది. ఓరుగల్లును పన్నెండో శతాబ్దంలో ఏలిన రుద్రదేవుడి కాలమని కొందరు, రుద్రమదేవి మనవడు ప్రతాపరుద్రుడి కాలమని కొందరు. ఎటు చూసినా కాకతీయుల రోజులే. తెలుగు, కన్నడం, సంస్కృతం మూడూ వచ్చినవాడు. తెలుగులోనే కాక కన్నడంలోనూ రచన చేశాడు. గొబ్బూరి సంగనామాత్యుడు అడిగితే బసవపురాణం చెప్పాడు. తరువాత పండితారాధ్య చరిత్ర. ఇవి గాక అనుభవసారం, వృషాధిప శతకం, చతుర్వేదసారం, బసవోదాహరణం, రగడలు. పేర్లన్నీ ఇప్పుడు గుర్తుపెట్టుకోనక్కర లేదు. బసవపురాణం ఒక్కటి గుర్తుంచుకోండి చాలు.

దాన్ని ఆయన ద్విపదలో రాశాడు. ఇక్కడ కొంచెం ఆగాలి.

అప్పటికి తెలుగులో పెద్ద కావ్యమంటే నన్నయ గారు వేసిన బాట. వృత్తాలు, కందాలు, నడుమ వచనం. చంపకమాల, శార్దూలం లాంటి సంస్కృతం నుంచి వచ్చిన నడకలు. చదువుకున్నవాడు చదివి, అర్థం చెప్పితే మిగతావాళ్ళు వినాలి. ద్విపద అట్లా కాదు. పేరులోనే ఉన్నట్టు రెండే పాదాలు. ఒక్కో పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. రెండో అక్షరం రెండు పాదాల్లోనూ ఒకటే. ప్రతి పాదంలోనూ ఒక యతి. అంతే దాని కట్టడం. ఇసుర్రాయి తిప్పే చేతికి పాట కుదిరినట్టు నోటికి కుదురుతుంది. ఒక ద్విపద ముగిసేలోగా తరువాతిది వచ్చేస్తుంది, కథ ఆగదు. అక్షరం రానివాడు కూడా పది ద్విపదలు విన్నాడంటే పదకొండోదానికి తల ఊపుతాడు. వేల పాదాల పురాణాన్ని మొదటి నుంచి చివరి దాకా ఈ నడకలో నడిపించడం సోమన కన్నా ముందు తెలుగులో ఎవరూ చేయలేదు. ఆయన కన్ను తాటాకు మీద ఉన్నా, చెవి మాత్రం గుడి ముందు కూర్చున్న జనం మీదనే ఉంది. పురాణం వినేవాళ్ళలో చాకలి ఉంటాడు, కుమ్మరి ఉంటాడు, కొంగు కప్పుకొని కూర్చున్న ముసలవ్వ ఉంటుంది. వాళ్ళకు నేరుగా అందాలన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదలే నాకు ఆయన మీద ఇంత గౌరవం కలిగిస్తుంది.

ఈ పట్టుదలకు ఆయన మాట పడాల్సి వచ్చింది కూడా. తరువాతి కాలంలో పిడపర్తి సోమన అనే కవి ఈ బసవపురాణాన్నే పద్యాలుగా మలుస్తూ ఒక కథ చెప్పాడు. ఓరుగల్లులో స్వయంభూదేవుడి గుడికి ప్రతాపరుద్రుడు వచ్చాడట. అక్కడ శైవులంతా గుమిగూడి ఏదో చదువుకుంటున్నారు. ఏమిటది అని రాజు అడిగాడు. పక్కనున్న బ్రాహ్మడు ఒకడు, అదేదో ఈమధ్య పాల్కురికి సోమన అనేవాడు ప్రాసయతులు పెట్టి ద్విపదలో అల్లిన పురాణం, దానికి ప్రమాణం లేదన్నాడట. రాజు వినకుండానే వెళ్ళిపోయాడట. ఆ సంగతి సోమనకు తెలిసి శిష్యులతో ఓరుగల్లుకు బయలుదేరాడనీ, చివరికి మంత్రి ఇందులూరి అన్నయ గౌరవించి దోకిపర్రు అగ్రహారం ఇచ్చాడనీ ఆ కథ. జరిగిందో లేదో పక్కన పెట్టండి. జనం మాటలో, జనం నడకలో రాసిన పుస్తకాన్ని పెద్దల సభ మొదట ఎట్లా చూసిందో ఈ కథ చెబుతున్నది. గుడి ముందు చదువుకుంటున్నవాళ్ళు మాత్రం రాజు వెళ్ళిపోయాడని పుస్తకం మూయలేదు.

ఇప్పుడు ఆ పుస్తకంలోకి వెళ్దాం. బసవడి జీవితం దారం అయితే, ఆ దారానికి గుచ్చిన భక్తుల కథలు ఎన్నో. వాటిలో ముగ్ధ భక్తులని కొందరున్నారు. లోకం పోకడ తెలియనివాళ్ళు, దేవుడిని పక్కింటి మనిషిలా నమ్మినవాళ్ళు. ఇద్దరి కథలు చెబుతాను. నా మాటల్లో చెబుతాను, సోమన మాటల్లో మీరే చదువుకోండి.

బెజ్జమహాదేవి అని ఒక ఆడమనిషి. ఆమెకు ఒక అనుమానం వచ్చింది. శివుడికి తండ్రి లేడంటారు, తల్లి కూడా లేదంటారు. అదే ఆయన కష్టాలన్నిటికీ కారణమని తేల్చుకుంది. తల్లి ఉంటే కొడుకును వల్లకాట్లో తిరగనిస్తుందా? ఒంటికి బూడిద పూసుకోనిస్తుందా? పామును మెడలో వేసుకుంటే చూస్తూ ఊరుకుంటుందా? విషం నోట్లో పోసుకుంటుంటే చెయ్యి పట్టుకొని ఆపదా? అడుక్కొని తినమని పంపుతుందా? అయ్యో, తల్లి లేని బిడ్డ, అనుకొని తానే తల్లి అయింది. లింగాన్ని బిడ్డగా చేసుకొని నూనె అంటింది, ఒళ్ళు మర్దనా చేసింది, నీళ్ళు పోసింది, తల తుడిచింది, కాటుక పెట్టింది, పాలు పట్టింది, ఊయలలో వేసింది. చంటిపిల్లకు మన ఇళ్ళల్లో ఏమేం చేస్తారో అన్నీ ఒకటొకటిగా, ఏదీ వదలకుండా సోమన చెప్పుకొస్తాడు. ఒక మగకవి బిడ్డకు నీళ్ళు పోయడాన్ని ఇంత ఓపికగా, ఇంత దగ్గరగా చూశాడంటే ఆశ్చర్యం వేస్తుంది. తరువాత శివుడు ఆమెను పరీక్షించాలని జబ్బు పడ్డట్టు నటిస్తాడు, పాలు తాగడు. ఆమె తల్లడిల్లిపోతుంది. బిడ్డకేమైనా అయితే తాను బతకనంటుంది. శివుడు ప్రత్యక్షమవుతాడు. తనకు తల్లి అయింది కాబట్టి ఆమెను లోకమంతా అమ్మవ్వ అని పిలిచింది.

రెండోవాడు రుద్రపశుపతి. పురాణం వింటూ కూర్చున్నాడు. పాలసముద్రం చిలికినప్పుడు విషం పుట్టిందనీ, దాన్ని శివుడు మింగాడనీ పురాణం చెప్పేవాడు అన్నాడు. అది ఎప్పుడో యుగాల కిందటి సంగతని పశుపతికి తెలియదు. ఇప్పుడే, ఈ క్షణమే జరిగినట్టు విన్నాడు. విషం తిన్నవాడు బతుకుతాడా! గుండెలు బాదుకుంటూ పరుగెత్తి నీళ్ళలో దిగి మెడ లోతున నిలబడ్డాడు. ఆ విషం కక్కెయ్, లేకపోతే నేను ఇక్కడే మునిగి చస్తానన్నాడు. శివుడు వచ్చి వరం కోరుకోమన్నాడు. నాకు వరాలు వద్దు, ముందు విషం ఉమ్మెయ్యమన్నాడు. అది నన్నేమీ చేయదయ్యా, గొంతులో ఒక మూలనుంది అంతే అని శివుడు ఎంత నచ్చజెప్పినా వినడు. చివరికి శివుడు అతన్ని తన తొడ మీద కూర్చోబెట్టుకున్నాడు. పశుపతి అక్కడ కూర్చొని, విషం కిందికి దిగుతుందేమోనని ఆ గొంతు వంకనే రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోయాడు.

ఈ రెండు కథల్లో దేవుడు గొప్పవాడు కాబట్టి మనిషి మొక్కడం లేదు. దేవుడికి ఏమైనా అవుతుందేమోనని మనిషి భయపడుతున్నాడు. దేవుడికి కావలి కాస్తున్నాడు. వేదాంతం చదివిన పండితుడి చేత సోమన ఈ మాట చెప్పించలేదు. ఇల్లు తుడిచి, బిడ్డకు నీళ్ళు పోసే ఆడమనిషి చేత చెప్పించాడు. పురాణం సగం విని భయపడిన అమాయకుడి చేత చెప్పించాడు.

ఇంకొకడు మడివాలు మాచయ్య. చాకలి. శివభక్తుల బట్టలు తప్ప ఇంకొకరి బట్టలు ఉతకనన్నవాడు. రాజు బిజ్జలుడినీ లెక్కచేయడు. తాను భక్తులకు ఇచ్చేవాడినన్న ఊహ బసవడి మనసులో ఒక్కసారి మెదిలిందని మాచయ్యకు కోపం వస్తుంది. రాజ్యం భండారం చేతిలో ఉన్న మంత్రి వచ్చి ఒక చాకలి ముందు తల వంచుతాడు. ఆనాటి సంఘంలో ఈ దృశ్యాన్ని కావ్యంలో పెట్టడానికి ఎంత గుండె కావాలో చెప్పలేను.

ఒక సంగతి దాచకూడదు. బసవపురాణంలో కర్కశత్వం కూడా ఉంది. శివుణ్ణి కొలవని వాళ్ళ మీద, ముఖ్యంగా జైనుల మీద, కోపం కొన్ని కథల్లో నెత్తురు దాకా పోతుంది. బిజ్జలుడు అల్లయ్య, మధువయ్య అనే ఇద్దరు భక్తుల కళ్ళు తీయించాడనీ, దానికి ప్రతిగా జగదేవుడనే శివభక్తుడు, అతని తోటివారు రాజును చంపారనీ సోమన చెబుతాడు. కన్నడ సంప్రదాయంలో ఇదే ఘట్టానికి ముందు ఒక పెళ్ళి కథ ఉంది. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి, బ్రాహ్మణ పుట్టుక పుట్టిన మధువరసు కూతురినిచ్చి పెళ్ళి చేశారనీ, కులాలు కలిసిన ఆ పెళ్ళిని సహించలేకనే శిక్ష వేశారనీ చెబుతారు. కుల గోడలు కూల్చడానికి బయలుదేరిన ఉద్యమం మతాల మధ్య ఇంకో గోడ లేపుకుంది. ఆ పుటలు చదువుతుంటే నాకు కష్టంగానే ఉంటుంది. సోమన మీద ప్రేమతో వాటిని దాటవేయమని ఎవరికీ చెప్పను. అవి కూడా ఆ కాలం సాక్ష్యమే.

పండితారాధ్య చరిత్ర గురించి కూడా ఒక్క మాట. మల్లికార్జున పండితారాధ్యుడు తీరాంధ్రం వైపు శైవాచార్యుడు, శివతత్త్వసారం రాసినవాడు. బసవడి పేరు విని ఆయనను చూడాలని కల్యాణానికి బయలుదేరతాడు. దారిలోనే బసవడు లింగైక్యమయ్యాడన్న కబురు అందుతుంది. ఇద్దరూ కలుసుకోనే లేదు. ఈ పుస్తకంలో పర్వత ప్రకరణమని ఒక భాగముంది. శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే జనం, వాళ్ళ ఆటలు, పాటలు అందులో ఉన్నాయి. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు, నివాళి పదాలు అని పేరు పేరునా చెప్పాడు. తోలుబొమ్మలాట ప్రస్తావన ఉంది. తెలుగువాళ్ళ జానపద కళల చరిత్ర రాయాలనుకున్న ప్రతి పరిశోధకుడూ ఈ పుస్తకం తలుపు తట్టక తప్పదు. ఆ పాటల్లో చాలా వాటి పేరే మిగిలింది. ఆ పేరు మిగలడం సోమన పుణ్యం.

మన ఝరాసంగంలో శివరాత్రి జాతర చూసినవాళ్ళకు ఈ భాగం వేరే చెప్పనక్కర లేదు. కేతకీ సంగమేశ్వరుడి గుండం దగ్గర కర్ణాటక నుంచి వచ్చినవాళ్ళు, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్ళు, మనవాళ్ళు కలిసిపోతారు. శివపూజకు పనికిరాదని మిగతా చోట్ల పక్కన పెట్టే మొగలిపువ్వునే ఇక్కడ స్వామికి పెడతారు. ఒక గుంపు కన్నడంలో పాడుతుంటే పక్క గుంపు తెలుగులో అందుకుంటుంది. సోమన శ్రీశైలం గురించి రాసింది ఇలాంటి జనాన్ని చూసే.

ఈ పుస్తకాలు మన దాకా ఎట్లా వచ్చాయి? ఎక్కువగా మఠాల్లో, శైవుల ఇళ్ళల్లో తాటాకుల మీద బతికాయి. సి.పి. బ్రౌన్ దొర జంగమల ఆచారాల మీద, వాళ్ళ సాహిత్యం మీద 1840లో ఒక పెద్ద వ్యాసం ప్రకటించాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఆంధ్రగ్రంథమాల తరఫున వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1926లో బసవపురాణాన్ని పరిష్కరించి, పెద్ద పీఠికతో అచ్చు వేయించారు. ఆ పీఠిక తరువాతే తెలుగు సాహిత్య చరిత్రలో సోమన స్థానం మారింది. 1939లో చిలుకూరి నారాయణరావు గారు పండితారాధ్య చరిత్ర తెచ్చారు. 1990లో వెల్చేరు నారాయణరావు గారు, జీన్ రోఘైర్ కలిసి చేసిన బసవపురాణం ఇంగ్లీషు అనువాదాన్ని అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఇవాళ లోకంలో ఎక్కడ వీరశైవం మీద చదువు సాగినా పాలకుర్తి సోమన పేరు వస్తుంది.

వీటన్నిటి కన్నా నాకు ముచ్చటగా అనిపించేది ఇంకొకటుంది. సోమన కన్నడ నేల కథలను తెలుగులోకి తెచ్చాడు కదా. 1369లో భీమకవి అనే కన్నడ కవి సోమన బసవపురాణాన్ని చూసి కన్నడంలో ఆరు పాదాల షట్పదిలో బసవపురాణం రాశాడు. కల్యాణంలో పుట్టిన కథలు తెలుగు ద్విపదలో పెరిగి మళ్ళీ కన్నడానికి పోయాయి. సోమన కూడా చివరి రోజుల్లో కన్నడ సీమకే వెళ్ళి కలికె అనే ఊళ్ళో లింగైక్యం చెందాడని సంప్రదాయం చెబుతుంది.

అందుకే ఈ ప్రాంతం ఉపాధ్యాయులకు, గ్రంథాలయాల వాళ్ళకు, భజన మండళ్ళ వాళ్ళకు నాదొక విన్నపం. బసవపురాణం ముగ్ధ భక్తుల కథల దగ్గర తెరవండి. కళ్ళతో చదవకండి, గొంతెత్తి చదవండి. పాత తెలుగు అని భయపడకండి. ఒకటి రెండు పుటలు కష్టంగా ఉంటాయి, తరువాత నడక దొరుకుతుంది. మన జహీరాబాద్, కోహీర్, న్యాల్కల్, ఝరాసంగం ఊళ్ళల్లో రెండు భాషలూ వచ్చినవాళ్ళు ప్రతి వాడకూ ఉన్నారు. అటు భీమకవి షట్పది ఒకరు, ఇటు సోమన ద్విపద ఒకరు పట్టుకొని బెజ్జమహాదేవి కథ ఒక్కటి పక్కపక్కన చదవవచ్చు. ఈ పని హైదరాబాద్‌లో కుదరదు, బెంగుళూరులో కుదరదు, ఇక్కడ కుదురుతుంది. మాచ్‌నూరులో మన పల్లె ఆడవాళ్ళు 2008 నుంచి సంగం రేడియో నడుపుతున్నారు. సేద్యం ముచ్చట్లు, విత్తనాల ముచ్చట్లు, పాటలు వాళ్ళ నోటనే వింటున్నాం. బిడ్డకు నీళ్ళు పోసే అమ్మవ్వ కథ అలాంటి గొంతులో వినాలని నా కోరిక. వచ్చే శివరాత్రికి ఇంకా వ్యవధి ఉంది. ఎవరైనా మొదలుపెడితే పుస్తకం పట్టుకొని వచ్చి పక్కన కూర్చోవడానికి నేను సిద్ధం.